ఫోటోగ్రఫీ పనికి ధర కట్టడం: దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ స్టూడియోల లెక్క

ఫోటో స్టూడియో నడపడానికి ఏడాదికి ఎంత ఖర్చవుతుందో ముందు తేల్చుకోవాలి. ఏడాదిలో నిజంగా అమ్ముడుపోయే పనిదినాల మీద దాన్ని పంచాలి. ఆ వచ్చిన మొత్తానికి ఫలానా ఆర్డరుకే ప్రత్యేకంగా అయ్యే ఖర్చు, కొంత లాభం, పన్ను కలిపితే కస్టమరుకు చెప్పాల్సిన రేటు వస్తుంది. ఖర్చును బట్టి ధర కట్టడమంటే ఇదే. తూర్పు హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల్లో మాత్రం రేటు ఎక్కువగా ఇంకోలా పుడుతుంది. పక్క స్టూడియో ఎంత చెబుతోందో కనుక్కుని, దానికి అయిదు వేలు అటో ఇటో చెప్పేస్తారు. ఖర్చును బట్టి ధర కట్టేటప్పుడు ఎక్కువమంది తడబడేది కెమెరా ఖరీదు దగ్గర కాదు, ఖర్చును ఎన్ని రోజుల మీద పంచాలన్న దగ్గర. ఇక్కడ ఆ రోజుల సంఖ్యను తేల్చేది పంచాంగం.

ప్రాంతం, గిరాకీ

మలక్‌పేట దాటి మూసారాంబాగ్ మీదుగా దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేటలను కలుపుకుంటూ ఎల్బీనగర్ చౌరస్తా దాకా సాగే రోడ్డు ఈ ప్రాంతానికి వెన్నెముక. అక్కడి నుంచి ఒక దారి హయత్‌నగర్ మీదుగా విజయవాడకు, ఇంకోటి నాగార్జునసాగర్‌కు పోతాయి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట–ఎల్బీనగర్ మెట్రో మొదలయ్యాక మెయిన్ రోడ్డు మీద గ్రౌండ్ ఫ్లోర్ దుకాణం చిన్న స్టూడియోకు అందని పండైంది. అక్కడ బట్టల షోరూములు, నగల దుకాణాలు, మొబైల్ షాపులు ఉంటాయి. స్టూడియోలు సందుల్లోకో, మెట్లెక్కి వెళ్లే మొదటి అంతస్తుకో జరిగాయి.

గిరాకీ ప్రధానంగా మూడు రకాలు. మొదటిది కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ల విద్యార్థులకు కావలసిన పాస్‌పోర్ట్ ఫోటోలు. రెండోది షోరూములు, కోచింగ్ సంస్థలు, ఆసుపత్రుల ప్రకటనల పని. మూడోది, అన్నిటికంటే పెద్దది, పెళ్లిళ్లు, శుభకార్యాలు. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇక్కడ చాలా ఎక్కువ. అందువల్ల ఒకే స్టూడియో ఒక వారం నాగోలు ఫంక్షన్ హాల్లో రిసెప్షన్ తీస్తుంది, మరుసటి వారం మిర్యాలగూడ దగ్గరి పల్లెలో పెండ్లి తీస్తుంది. వరపూజ, పెళ్లికూతురిని చేయడం, ఎదుర్కోళ్లు, పెండ్లి, రిసెప్షన్, ఒడిబియ్యం ఇలా ఒక్క ఇంటి పెళ్లే నాలుగైదు ఆర్డర్లుగా విడిపోతుంది. ఈ మధ్య వీటికి హల్దీ, సంగీత్, ప్రీవెడ్డింగ్ షూట్ కూడా తోడయ్యాయి. పెళ్లి లేని ఇంట్లో ఇరవై ఒకటో రోజు, అన్నప్రాసన, చీరకట్టు ఫంక్షన్, గృహప్రవేశం ఉంటాయి.

పూర్వరంగం

హైదరాబాద్‌లో ఫోటోగ్రఫీ వ్యాపారం రాజాశ్రయంలో పెరిగింది. 1844లో సర్దానాలో పుట్టిన లాలా దీన్‌దయాళ్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు, 1892లో ఘోషా స్త్రీల కోసం విడిగా జనానా స్టూడియో తెరిచాడు, 1896లో బొంబాయికి విస్తరించాడు. స్త్రీలను స్త్రీయే ఫోటో తీసే ఆ జనానా స్టూడియోకు ప్రత్యేక కట్టడం, ప్రత్యేక మనిషి, ప్రత్యేక ఖర్చు అవసరమయ్యాయి. గిరాకీ ఎక్కడుందో చూసి స్థిరవ్యయాన్ని నెత్తికెత్తుకోవడం ఈ నగరంలో అంత పాతది.

ఫిల్ము రోజుల్లో ధర కట్టడం సులువుగా ఉండేది. ఖర్చు కళ్లకు కనబడేది. రోలుకు 36 ఫోటోలు. రోలు, డెవలపింగ్, ప్రింటు కలిపి ఒక్కో ఫోటోకు ఇంత అని లెక్క వచ్చేది. ఎన్ని రోళ్లు వాడాలో పెళ్లివారే ముందు చెప్పేవారు. కెమెరామన్ ఫ్లాష్ వెలిగించేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించేవాడు. డిజిటల్ వచ్చాక క్లిక్కుకు ఖర్చు లేదన్న భావన కస్టమరులోనూ, కొంతవరకు ఫోటోగ్రాఫరులోనూ పాతుకుపోయింది. నిజానికి ఖర్చు ఎక్కడికీ పోలేదు. రోలు నుంచి కెమెరా బాడీకి, ల్యాబు నుంచి ఎడిటింగ్ కంప్యూటరుకు, నెగటివ్ కవరు నుంచి హార్డ్‌డిస్కుకు మారింది. ఆర్డరును బట్టి పెరిగే ఖర్చు కాస్తా, ఆర్డరు ఉన్నా లేకున్నా మీద పడే ఖర్చయింది. ఆర్డరు లేని నెలలో ఫిల్ము కొనాల్సిన పని ఉండేది కాదు. కెమెరా కిస్తీ మాత్రం ఆర్డరు లేకపోయినా అయిదో తారీఖున బ్యాంకు ఖాతాలోంచి కోసుకుపోతుంది.

ఏడాది ఖర్చు

అద్దె, కమర్షియల్ మీటరు కరెంటు, ఇంటర్నెట్, ఎడిటరు జీతం, మున్సిపల్ ట్రేడ్ లైసెన్సు, రిపేర్లు, బీమా, సాఫ్ట్‌వేరు చందా, అకౌంటెంటు ఫీజు, సోషల్ మీడియా ప్రచారం. వీటిని ఎవరైనా రాసుకోగలరు. ట్రేడ్ లైసెన్సు ఫీజును దుకాణం చదరపు అడుగుల లెక్కన, ముందున్న రోడ్డు వెడల్పును బట్టి కడతారు కాబట్టి సందులోని స్టూడియోకు అక్కడా కొంత మిగులుతుంది. తేడా వచ్చేది రెండు పద్దుల దగ్గర.

ఒకటి సామాన్ల తరుగుదల. రెండు లక్షలు పెట్టి కొన్న కెమెరా బాడీ షట్టర్‌కు రెండు లక్షల క్లిక్కుల రేటింగ్ ఉందనుకుంటే క్లిక్కుకు రూపాయి పడుతుంది. రెండు రోజుల పెళ్లిలో ఒక కెమెరా మీద నాలుగు వేల క్లిక్కులు పడితే, ఎవరికీ కనబడకుండా నాలుగు వేల రూపాయలు కరిగిపోయినట్టే. సోనీ ఏ7 త్రీ మోడలుకు కంపెనీ చెప్పిన షట్టర్ మన్నిక రెండు లక్షలు, కెనాన్ 5డీ మార్క్ ఫోర్‌కు లక్షన్నర. అయితే చాలా కెమెరాలు షట్టర్ అరగకముందే పాతబడతాయి. 2018లో సోనీ ఏ7 త్రీ కొన్నవారి దగ్గరికి 2021 చివర్లో ఏ7 ఫోర్ వచ్చిపడింది. కొత్త మోడలు పేరు తెలుసుకుని మరీ అడిగే కస్టమర్లు ఎల్బీనగర్‌లో తక్కువేమీ కాదు. ఆదాయపు పన్ను లెక్కల్లో కెమెరాకు ఏటా 15 శాతం, కంప్యూటరుకు 40 శాతం తరుగుదల చూపుతారు. 15 శాతం చొప్పున నాలుగేళ్లు తగ్గించినా పుస్తకంలో కెమెరా విలువ సగానికి పైగానే మిగులుతుంది. సెకండ్ హ్యాండ్ కొనేవాడు అంత ఇవ్వడు. ధర కట్టేటప్పుడు మూడు నాలుగేళ్లలో పూర్తిగా రాబట్టుకునేలా వేసుకోవడమే క్షేమం. తరుగుదలనూ, కెమెరా కిస్తీనీ రెండూ కలిపేసి లెక్కను ఉబ్బించేవారూ ఉన్నారు. తరుగుదల వేసుకున్నాక కిస్తీలోని వడ్డీ భాగాన్ని మాత్రమే కలపాలి. అసలు రెండుసార్లు పడకూడదు.

రెండో పద్దు యజమాని జీతం. “మిగిలిందే నాది” అనేవారు తమ లెక్కలో తమకు సున్నా వేసుకున్నట్టే. ఆయనే స్టూడియో మూసి ఇంకొకరి దగ్గర కెమెరామన్‌గా పనిచేస్తే నెలకు ఎంతొస్తుందో, కనీసం అంతైనా ఖర్చు పద్దులో పడాలి. భార్య కౌంటరు చూసుకుంటుంటే, తమ్ముడు లైటు పట్టుకుంటుంటే వాళ్ల పని కూడా లెక్కలోకి రావాలి. ఈ ప్రాంతపు చిన్న స్టూడియోలు తక్కువ రేటుకు చేయగలగడం వెనుక చాలాసార్లు ఉన్నది జీతం లేని ఇంటి మనుషుల పనే.

చైతన్యపురి సందులో ఒక ఊహా స్టూడియో తీసుకుందాం. అంకెలు లెక్క చూపడానికి వేసుకున్నవే, ప్రాంతపు సగటులు కావు. అద్దె ఏడాదికి 1,80,000 రూపాయలు, కరెంటు, ఫోను, నెట్ 60,000, ఎడిటరు జీతం 2,40,000, ఎనిమిది లక్షల సామాన్లకు నాలుగేళ్ల తరుగుదల లెక్కన 2,00,000, బీమా, రిపేర్లు 40,000, సాఫ్ట్‌వేరు, హార్డ్‌డిస్కులు 40,000, లైసెన్సులు, అకౌంటెంటు 20,000, ప్రచారం 40,000, యజమాని బతుకుతెరువు నెలకు నలభై వేల చొప్పున 4,80,000. మొత్తం 13 లక్షలు. కౌంటరు మీద పాస్‌పోర్ట్ ఫోటోలు, ఫ్రేములు, లామినేషన్ల వల్ల సరుకు ఖర్చు పోను నెలకు 15,000 మిగిలితే ఏడాదికి 1,80,000 తగ్గుతుంది. మిగిలిన 11,20,000 రూపాయలను పెళ్లిళ్లు, ఫంక్షన్ల రోజులు మోయాలి.

ఎన్ని రోజులు?

అమెరికాలో పత్రికా ఫోటోగ్రాఫర్ల జాతీయ సంఘం తమ సభ్యుల కోసం ఇలాంటి లెక్కల యంత్రాన్నే పెట్టింది. ఏడాది ఖర్చులు, కావలసిన జీతం, బిల్లు వేయగల రోజులు నింపితే రోజుకు ఎంత వసూలు చేయాలో చెబుతుంది. సూత్రం దిల్‌సుఖ్‌నగర్‌కూ సరిపోతుంది. మూడో గడిలో ఏ అంకె వేయాలన్నదే చిక్కు. అక్కడి ఫోటోగ్రాఫర్ పని ఏడాదంతా పరుచుకుని ఉంటుందనుకోవచ్చు. తెలుగు పెళ్లిళ్ల ఫోటోగ్రాఫరుకు ఆషాఢంలో పెళ్లి ఉండదు, భాద్రపదంలో ఉండదు, పుష్యంలో ఉండదు. గురు, శుక్ర మూఢాలు వస్తే ఉన్న మంచి నెలలు కూడా ఎండిపోతాయి. 2023లో అధిక శ్రావణం వచ్చి, ఆషాఢం తర్వాత మొదలవ్వాల్సిన సీజన్ ఆగస్టు మధ్యదాకా జరిగింది. 2024లో ఏప్రిల్ చివరి నుంచి జులై మొదటి వారం దాకా మూఢాలు పడి, పెళ్లిళ్లకు పేరుపడ్డ వైశాఖ, జ్యేష్ఠాలు ఖాళీగా పోయాయి. అద్దె, జీతం, కిస్తీలకు మాత్రం మూఢం లేదు.

పై స్టూడియో 70 రోజులు పనిచేస్తే రోజుకు స్థిరవ్యయం వాటా 16,000 పడుతుంది. 56 రోజులైతే 20,000. మూఢం వచ్చిన ఏడాది 40 రోజులే దొరికితే 28,000. కెమెరా అదే, మనిషి అదే, ఫోటో అదే, ఖర్చు మాత్రం రోజుకు పన్నెండు వేలు పెరిగింది. ఎక్కువమంది స్టూడియో యజమానులు బేరమాడి లెన్సు మీద అయిదు వేలు తగ్గించుకోవడానికి కోఠి దాకా తిరుగుతారు, రాబోయే ఉగాది పంచాంగం చూసి పనిదినాలు మాత్రం లెక్కపెట్టుకోరు. కొత్త పంచాంగం చేతికి రాగానే ముహూర్తాలున్న తేదీలు గీసుకుని, వాటిలో తనకు దక్కగలవని గత మూడేళ్ల అనుభవం చెప్పే వంతు తీసుకుంటే ఖర్చును పంచాల్సిన రోజుల సంఖ్య, అంటే విభాజకం, దొరుకుతుంది. మంచి ఏడాది అంకెతో కాక మూడేళ్ల సగటుతో పంచుకుంటే రేటు ఏడాదికోసారి ఎగిరిపడకుండా ఉంటుంది. మంచి ఏడాది మిగిలింది మూఢం ఏడాదికి దాచాలన్నది ఇందులో కష్టమైన భాగం.

ముహూర్తాలు కుప్పలుగా వస్తాయన్నది ఇంకో ఇబ్బంది. మాఘంలో ఒకే రాత్రి ముహూర్తానికి నాలుగు ఫోన్లు వస్తాయి, మర్నాటికి ఒక్కటీ రాదు. నాలుగింటిలో ఒకటే చేయగలిగితే మూడు పోతాయి. రెండు చేద్దామంటే బయటి నుంచి క్యాండిడ్ ఫోటోగ్రాఫరును, ట్రెడిషనల్ కెమెరామన్‌ను, డ్రోన్ అబ్బాయిని పిలవాలి. ఆ తేదీకి వాళ్ల డే రేటు కూడా పెరిగే ఉంటుంది. ఇక షూటింగ్ రోజు వెనుకే వారం పది రోజుల ఎడిటింగ్ నడుస్తుంది కాబట్టి, ఖాళీ తేదీలు దొరికినంతమాత్రాన వరుసగా ఒప్పేసుకోవడం కుదరదు. ఒప్పుకున్నవాళ్లే ఆర్నెల్లయినా ఆల్బమ్ ఇవ్వలేక ఫోను ఎత్తడం మానేస్తారు.

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్‌లోకి వెళ్లినప్పుడు ఆ వేసవి సీజన్ మొత్తం పోయింది. 2021లో తెలంగాణ ప్రభుత్వం మే 12 నుంచి జూన్ 19 దాకా పెట్టిన లాక్‌డౌన్ మళ్లీ అదే సీజన్‌ను తాకింది. విభాజకం సున్నా అయితే ఏ రేటూ సరిపోదు. రేటులో ఎన్నడూ “ఏమైనా అయితే” అన్న పద్దు వేసుకోని స్టూడియోలకు ఆ రెండు వేసవులూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

ఒక పెళ్లి లెక్క

రెండు రోజుల పెళ్లి అనుకుందాం. బయటి ఫోటోగ్రాఫరుకు, వీడియోగ్రాఫరుకు కలిపి 24,000. ఆల్బమ్ షీట్ల ప్రింటింగ్, బైండింగ్, ప్యాడ్ 12,000. డ్రోన్ 6,000. బండి, టోల్, భోజనాలు 3,000. నేరుగా అయ్యే ఖర్చు 45,000. స్థిరవ్యయం వాటా రోజుకు 20,000 చొప్పున రెండు రోజులకు 40,000. కలిపితే 85,000. దాని మీద 15 శాతం లాభం 12,750 వేస్తే 97,750. యజమాని జీతం ముందే పడిపోయింది కదా, మళ్లీ లాభమెందుకు అనొచ్చు. జీతం ఆయన చేసిన పనికి, లాభం ఆయన పెట్టిన పెట్టుబడికీ, మూఢానికి దాచుకోవడానికీ.

పెళ్లి నగరంలో కాకుండా సూర్యాపేట దగ్గరైతే బండి పద్దు మారుతుంది. విజయవాడ హైవే మీద పంతంగి, కొర్లపహాడ్ టోల్‌గేట్లు, డీజిలు, పోను రాను ఆరు గంటల దాకా సమయం పడతాయి. అర్ధరాత్రి ముహూర్తమైతే మర్నాడు పగలంతా నిద్రకే పోతుంది. ఒక్కరోజు పెళ్లికి రెండు పనిదినాలు ఖర్చవుతాయి. టోల్‌కు రుజువు ఉంటుంది కాబట్టి దాన్ని అడిగి తీసుకుంటారు. కరిగిపోయిన రోజుకు రుజువు ఉండదు, అందుకే దాన్ని ఎవరూ అడగరు.

నిల్వ ఖర్చు కూడా ఇలాగే కనబడకుండా పోతుంది. సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో 4కే వీడియో తీస్తే గంటకు 45 జీబీ. మూడు కెమెరాలు రెండు రోజుల్లో ఎనిమిది గంటల చొప్పున రికార్డు చేసినా వెయ్యి జీబీ దాటుతుంది. పోతే మళ్లీ తీయలేని పని కాబట్టి రెండు డిస్కుల్లో పెట్టాలి. ఫోటోలు ఎంచుకోవడానికి పెళ్లివారు తీసుకునే సమయమంతా ఆ డిస్కులు ఇంకో పెళ్లికి పనికిరావు. సెలక్షన్ ఆలస్యమైతే నెలకింత అని నిల్వ రుసుము ముందే కాగితం మీద రాసుకున్న స్టూడియోలు ఉన్నాయి. వసూలు చేసినవి తక్కువ కావచ్చు గానీ, రాసిపెట్టాక సెలక్షన్ త్వరగానే వస్తుంది.

డ్రోన్ పద్దును ఆరు వేలతో సరిపెట్టుకునేవారు 2021 డ్రోన్ నిబంధనలను చదవాలి. డ్రోన్‌కు గుర్తింపు సంఖ్య ఉండాలి. 250 గ్రాములకు మించిన డ్రోన్‌ను వ్యాపారానికి ఎగరేసేవారికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి. దాని శిక్షణ ఖర్చు నిజమైన ఖర్చే. 2022 ఫిబ్రవరిలో విదేశీ డ్రోన్ల దిగుమతిని కేంద్రం నిషేధించాక విడిభాగాల ధర కూడా లెక్కలోకి వచ్చింది. ఫంక్షన్ హాల్ సీలింగ్ ఫ్యానుకు తగిలి విరిగిన రెక్కకు పెళ్లివారు డబ్బులివ్వరు.

పక్కవాడి రేటు

“ఏం రేటన్నా ఇది? మా బామ్మర్ది పెండ్లికి ఎనబైకే చేసిండు. డ్రోన్ గుడ ఇచ్చిండు.” లక్షకు దగ్గరగా రేటు చెప్పిన ప్రతి స్టూడియోలోనూ వినబడే మాట ఇది. ఎనభైలో ఏముందో బామ్మర్దికీ తెలియదు. ఆల్బమ్ ఎన్ని షీట్లు, వీడియో ఎవరు తీశారు, ఎన్ని గంటలు ఉన్నారు, అవతలి స్టూడియోకు అద్దె ఉందా, సొంత ఇంటి కింద దుకాణమా, కెమెరా కిస్తీ ఉందా. ఇవేవీ తెలియకుండా ఆ అంకెను అందుకోవడమంటే ఇంకొకరి ఖర్చులతో తన వ్యాపారం నడపడమే. సొంతిల్లున్నవాడితో అద్దెదారు పోటీపడి గెలిచినా ఓడినట్టే.

మరి ఎనభైకి ఒప్పుకోవచ్చా? ఇక్కడ ముక్కుసూటిగా కుదరదంటే వ్యాపారం తెలియనట్టే. పై లెక్కలో నేరుగా అయ్యే ఖర్చు 45,000. ఎనభైకి ఒప్పుకుంటే 35,000 స్థిరవ్యయానికి అందుతుంది, కావలసింది 40,000. తేదీ ఎలాగూ ఖాళీగా పోయేదైతే ఆ 35,000 అద్దెకు ఆసరా. అన్‌సీజన్ గృహప్రవేశానికి, ఆషాఢంలో వచ్చిన పుట్టినరోజుకు రేటు తగ్గించడం తెలివైన పని. మాఘమాసపు గట్టి ముహూర్తానికి తగ్గిస్తే అదే పని నష్టం అవుతుంది, ఎందుకంటే ఆ తేదీని పూర్తి రేటుకు తీసుకునే ఇంకో కుటుంబం రెండు రోజుల్లో ఫోన్ చేస్తుంది. నేరుగా అయ్యే ఖర్చు కంటే దిగువకు మాత్రం ఏ తేదీకీ పోకూడదు. పోతే షూటింగుకు వెళ్లి జేబులో డబ్బు పెట్టి వచ్చినట్టే. దీన్ని బట్టి ఒక స్టూడియోకు ఒకే రేటు కాక రెండు అంకెలు ఉండాలి. పూర్తి ఖర్చు రేటు ఒకటి, దిగకూడని గీత ఒకటి. రెండోది కస్టమరుకు తెలియాల్సిన అవసరం లేదు.

తగ్గించేటప్పుడు డబ్బు తగ్గించి పని అలాగే ఉంచడం కన్నా పనిని తగ్గించడం మేలు. షీట్లు ముప్ఫైకి కుదించవచ్చు, ఎల్‌ఈడీ స్క్రీన్ తీసేయవచ్చు, హల్దీకి ఒక్క కెమెరాతో సరిపెట్టవచ్చు. ఎల్బీనగర్ స్టూడియోల ప్యాకేజీలు నిజానికి ఇందుకే పుట్టాయి. అయితే ప్యాకేజీ చివర “ఫ్రీ” అని రాసే క్యాలెండరు, ఫ్రేము, టీజరు వీడియో, అప్పటికప్పుడే ఇచ్చే రీల్స్ ఏవీ ఉచితంగా తయారుకావు. రీల్‌కు ఒక మనిషి పెళ్లిలో పొద్దంతా ఫోను పట్టుకుని తిరగాలి.

ధరలు పడిపోతున్నాయని ఫోటోగ్రాఫర్ల సంఘాలు రేట్ల పట్టిక వేసి, దానికి తగ్గి చేయకూడదని తీర్మానించుకోవడం తెలుగు పట్టణాల్లో ఉన్నదే. ఉద్దేశం అర్థం చేసుకోదగినదే గానీ, పోటీదారులు కలిసి ధరను నిర్ణయించుకునే ఒప్పందాలను 2002 పోటీ చట్టం మూడో సెక్షను నిషేధిస్తుంది, సంఘాలకూ ఇది వర్తిస్తుంది. పట్టిక కన్నా ఖర్చుల లెక్క నేర్పే శిక్షణ సంఘానికీ సభ్యుడికీ ఎక్కువ పనికొస్తుంది. ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం జరిపే ఆగస్టు 19న దండలు, సన్మానాల మధ్య ఒక గంట దానికి కేటాయించినా చాలు.

పన్ను

ఫోటోగ్రఫీ సేవల మీద జీఎస్టీ 18 శాతం. సేవల వ్యాపారానికి ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. ఇది లాభం కాదు, మొత్తం వసూళ్లు. బయటి కెమెరామన్‌కూ, ఆల్బమ్ ల్యాబుకూ పోయే డబ్బు కూడా స్టూడియో బిల్లులో ఉంటే ఇందులో కలుస్తుంది. పై ఊహా స్టూడియో 56 రోజుల్లో 28 పెళ్లిళ్లు చేస్తే వసూళ్లు 27 లక్షలు దాటుతాయి. యజమాని జీతం నెలకు నలభై వేలే అయినా పన్ను గీత దాటినట్టే.

పెళ్లివారు కట్టిన జీఎస్టీని వాళ్లు ఎక్కడా తిరిగి రాబట్టుకోలేరు కాబట్టి వాళ్లకది పూర్తిగా పెరిగిన ధర. 97,750 మీద 18 శాతం అంటే 17,595. బిల్లు 1,15,345కు చేరుతుంది. రిజిస్ట్రేషన్ లేని పక్క స్టూడియోతో పోలిస్తే ఈ తేడా బేరంలో నిలవదు. 2019 ఏప్రిల్ నుంచి 50 లక్షల లోపు టర్నోవరు ఉన్న సేవల వ్యాపారాలు కాంపోజిషన్ పథకం కింద 6 శాతం కట్టే వీలుంది. దాన్ని కస్టమరు నుంచి పన్నుగా విడిగా వసూలు చేయకూడదు, కెమెరా కొన్నప్పుడు కట్టిన 18 శాతాన్నీ తిరిగి తీసుకోలేరు. అందువల్ల ధరలోనే ఇమడ్చాలి. చేతికి 97,750 మిగలాలంటే రేటు సుమారు 1,04,000 చెప్పాలి. ఏటా పెద్ద సామాన్లు కొనే స్టూడియోకు, షోరూములు, కంపెనీల పని ఎక్కువగా ఉన్న స్టూడియోకు మామూలు 18 శాతం పద్ధతే లాభం, ఎందుకంటే ఆ కస్టమర్లు పన్నును తిరిగి రాబట్టుకుంటారు. పెళ్లిళ్ల మీదే నడిచే స్టూడియోకు కాంపోజిషన్ సరిపోతుంది.

కౌంటరు

పాస్‌పోర్ట్ ఫోటోను చిన్నచూపు చూసే క్యాండిడ్ ఫోటోగ్రాఫర్లున్నారు. దరఖాస్తుకు ఆఖరు తేదీ నాడు సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ స్టూడియో ముందు నిలబడితే వాళ్ల అభిప్రాయం మారుతుంది. గ్రూప్స్‌కో, పోలీసు ఉద్యోగానికో అప్లై చేసే హాస్టల్ కుర్రాడు వస్తాడు. వెనుక తెల్ల తెర, తల నిటారు, రెండు క్లిక్కులు. బ్యాక్‌గ్రౌండ్ తుడిచి, నాలుగు అంగుళాలకు ఆరంగుళాల కాగితం మీద ఎనిమిది కాపీలు పేర్చి ప్రింటు తీస్తారు. తర్వాత అసలు పని మొదలవుతుంది. వెబ్‌సైటు ఫోటోను ఇన్ని కేబీల్లోపు, సంతకాన్ని ఇంకొన్ని కేబీల్లోపు అడుగుతుంది, ఒకసారి తిరస్కరిస్తుంది, మళ్లీ చేయాలి. కాగితానికి, ఇంకుకు అయ్యేది కొద్దిపాటి రూపాయలే. పోయేది పది నిమిషాల మనిషి సమయం. అందుకే ప్రింటుకు ఒక ధర, అప్‌లోడ్ సైజులో ఫోటో, సంతకం చేసి పంపడానికి వేరే ధర బోర్డు మీద రాయడం సబబు. చాలాచోట్ల ఈ రెండోదాన్ని మొహమాటానికి ఊరికే చేసిపెడతారు.

ముహూర్తాలతో సంబంధం లేకుండా రోజూ వచ్చే ఆదాయం ఇదొక్కటే. పైగా మూఢాల్లో నోటిఫికేషన్లు రాకూడదని ఏ పంచాంగమూ చెప్పదు. నెలకు 15,000 మిగిల్చే కౌంటరు పై లెక్కలో అద్దెనంతా మోసింది. కౌంటరు మూసేస్తే అదే స్టూడియో పెళ్లి రోజుకు మూడు వేల రూపాయలకు పైగా ఎక్కువ చెప్పాల్సి వస్తుంది.

బాకీలు, హక్కులు

బుక్ చేసినప్పుడు అడ్వాన్సు, పెళ్లి రోజు పెద్ద మొత్తం, ఆల్బమ్ ఇచ్చేటప్పుడు బ్యాలెన్సు అన్నది వాడుక. పెళ్లి రోజు ఇస్తామన్నది మేళాలు, భోజనాలు, పురోహితుడి దక్షిణల మధ్య కొట్టుకుపోతుంది. చివరి బ్యాలెన్సు కోసం ఆల్బమ్ అట్టిపెట్టుకున్నా, పెన్‌డ్రైవులో ఫోటోలన్నీ అప్పటికే వెళ్లిపోయి ఉంటే దాని కోసం ఎవరూ తొందరపడరు. బయటి మనుషులకు, ల్యాబుకు, ప్రయాణానికి, భోజనాలకు కట్టాల్సిన మొత్తమైనా పెళ్లి రోజు దాటకముందే చేతికి వచ్చేలా వాయిదాలు పెట్టుకుంటే స్టూడియో అప్పు తెచ్చి పెళ్లి తీయాల్సిన అవసరం రాదు. పై ఉదాహరణలో ఆ మొత్తం 45,000, అంటే రేటులో దాదాపు సగం.

ఫోటో మీద హక్కు ఎవరిదన్నది కూడా ధరను నిర్ణయిస్తుంది. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షను ప్రకారం ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తొలి యజమాని తీయించుకున్నవారే. ఇది అప్పటి బ్రిటిష్ చట్టం నుంచి వచ్చిన సూత్రం. బ్రిటన్ 1988లో దాన్ని వదిలేసి హక్కును ఫోటోగ్రాఫరుకిచ్చింది, మనం అట్టిపెట్టుకున్నాం. అమెరికాలో, బ్రిటన్‌లో ప్రకటనల ఫోటోగ్రాఫర్లు తీసినందుకు ఒక మొత్తం, వాడుకున్నంత మేరకు ఇంకో మొత్తం తీసుకోగలగడానికి ఆ హక్కే ఆధారం. ఇక్కడ రెండోది కావాలంటే ముందుగా కాగితం రాసుకోవాలి.

పెళ్లి ఫోటోల్లో దీని ప్రభావం తక్కువ. తన పేజీలో పెళ్లికూతురి ఫోటో పెట్టుకోవడానికి అనుమతి అడగడం వరకే వస్తుంది. ప్రకటనల పనిలో మాత్రం డబ్బంతా అక్కడే ఉంది. కొత్తపేట చీరల షోరూము ఒక్కరోజు షూట్‌లో వంద చీరలు తీయించుకుంటుంది. కోచింగ్ సంస్థ ర్యాంకర్ల ముఖాలన్నీ ఒకే పూటలో తీయించుకుంటుంది. ఆ ముఖాలే చైతన్యపురి మెట్రో స్తంభాల మీద, బస్సుల వెనుక, ఆదివారం పత్రిక మొదటి పేజీలో ఏడాదంతా కనబడతాయి. వాడుకను బట్టి ధర కాగితం మీద రాయించుకోగలిగిన స్టూడియో ఆ ఆదాయాన్ని మూఢాల నెలలకు మళ్లించుకోగలదు. ప్రస్తుతానికి ఎక్కువచోట్ల పాంప్లెట్‌కు వెళ్లే ఫోటోకూ, హోర్డింగుకు ఎక్కే ఫోటోకూ ఒక్కటే డే రేటు నడుస్తోంది.